పాత పిస్టన్ చూపించమనండి

పాత బండి అమ్మేవాళ్లు ధర చెప్పగానే ఒక మాట చేరుస్తారు: “ఇంజన్ మొన్ననే చేయించామండీ, ఇక చూసుకోనక్కర్లేదు.” ఆ మాటతో కొనేవాళ్లకు సగం భయం పోతుంది. నాకు అక్కడే అనుమానం మొదలవుతుంది. గుంటూరు బ్రాడీపేటలో మా నాన్నగారు పెట్టిన టూవీలర్ స్పేర్ పార్టుల కొట్టు ఇప్పుడు నేను చూసుకుంటున్నాను. ఇంజన్ దింపిన బండికి ఏం కొన్నారో, ఏం కొనకుండా వదిలేశారో కౌంటర్ దగ్గర కూర్చున్నవాళ్లకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. ఒకరు పిస్టన్, రింగులు, టైమింగ్ చైన్, వాల్వ్ సీళ్లు, ప్యాకింగ్ సెట్టు, క్లచ్ ప్లేట్లు అన్నీ చీటీ రాయించుకుని పట్టుకెళ్తారు. ఇంకొకరు రింగుల సెట్టు ఒక్కటే తీసుకుంటారు. బండి అమ్మకానికి పెట్టిన రోజున ఇద్దరూ చెప్పేది మాత్రం ఒకటే.

అలాగని ఇంజన్ దింపిన బండి కొనొద్దని నేననను. ఏళ్ల తరబడి తిరిగి పొగ కక్కుతున్నా ఎవరూ విప్పని ఇంజన్ కంటే సరిగ్గా చేయించిన ఇంజన్ ఎంతో మేలు. ఏ భాగం మార్చారన్నది తేలాలి. అది తేలేదాకా డబ్బు జేబులోంచి తీయకూడదు.

మన రోడ్ల మీద ఎటు చూసినా కనిపించే స్ప్లెండర్‌నే తీసుకుందాం. 1985లో హీరో హోండా సీడీ 100తో మన దేశానికి వచ్చిన ఇంజన్ కుటుంబంలోదే ఇది. స్ప్లెండర్ 1994లో వచ్చింది. సామర్థ్యం 97.2 సీసీ. సిలిండర్ లోపలి వ్యాసం, అంటే బోరు, 50 మిల్లీమీటర్లు. పిస్టన్ 49.5 మిల్లీమీటర్ల మేర ముందుకూ వెనక్కూ ఆడుతుంది. పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య ఉండే సన్నని సందును రింగులు మూసి ఉంచుతాయి. పైన పేలే పెట్రోలు మంట కిందికి దిగకుండా, కిందనున్న ఇంజన్ ఆయిల్ పైకి ఎక్కకుండా చూసేవి అవే. బోరు అరిగితే అన్ని వైపులా సమానంగా అరగదు, కోలగా తయారవుతుంది. అలాంటి బోరులో కొత్త రింగులు వేసినా గోడకు పూర్తిగా ఆనవు. బండి కొన్నాళ్లు బాగానే పోతుంది, మళ్లీ పొగ మొదలవుతుంది. రింగులు మాత్రమే మార్చి అమ్మేసే బండితో వచ్చే తంటా ఇదే.

సరైన పద్ధతి బోరు వేయించడం. లేతు షాపులో సిలిండర్‌ను లోపల గుండ్రంగా కోసి, ఆ కొలతకు సరిపడే పెద్ద పిస్టన్ వేస్తారు. ఈ పిస్టన్లు 0.25, 0.50, 0.75, 1.00 మిల్లీమీటర్ల ఎక్కువ సైజుల్లో దొరుకుతాయి. సైజు అంకె పిస్టన్ నెత్తి మీద గుద్ది ఉంటుంది. 0.25 సైజులో ఉన్న బండికి ముందుముందు ఇంకా మూడుసార్లు బోరు వేయించుకునే వీలుంది. 1.00 దాకా వచ్చిన బండికి ఆ దారి మూసుకుపోయినట్టే, తర్వాత కొత్త స్లీవో, కొత్త బ్లాకో వేయాలి. కాబట్టి అమ్మేవాళ్లను “బోరు వేయించారా?” అని అడిగి ఊరుకోకండి, ఏ సైజో కూడా అడగండి. సైజు చెప్పలేకపోతే బిల్లు అడగండి, పాత పిస్టన్ అడగండి. ఇంజన్ పని మనసుపెట్టి చేయించుకున్నవాళ్లు పాత సామాను గుడ్డలో చుట్టించుకుని ఇంటికి తెచ్చుకుంటారు.

మన ప్రాంతంలో బోర్లు తొందరగా అరగడానికి కారణముంది. నల్లరేగడి డొంకల్లో ఎండాకాలం లేచే దుమ్ము మెత్తని పిండిలా ఉంటుంది. ఎయిర్ ఫిల్టర్ చినిగినా, పికప్ కోసమని తీసేసినా ఆ దుమ్ము నేరుగా సిలిండర్‌లోకి పోయి గోడను గరుకు కాగితం రుద్దినట్టు రుద్దేస్తుంది. దానికి తోడు బరువు. కల్లం నుంచి మిరపకాయలూ, చేను నుంచి పత్తీ, ఇంటి నుంచి మనుషులూ అన్నీ ఆ చిన్న ఇంజన్ మీదే.

ఈ మధ్య పెదనందిపాడు నుంచి మా మేనల్లుడు వచ్చాడు. మా వీధిలోనే హాస్టల్లో ఉండి కోచింగ్ తీసుకున్న కుర్రాడొకడు ఉద్యోగం వచ్చి హైదరాబాద్ వెళ్తూ స్ప్లెండర్ అమ్ముతున్నాడు. “అత్తా, ఇంజన్ చేయించాడంట, తీసేసుకోనా?” అన్నాడు మావాడు. ఇద్దరం వెళ్లాం. సైలెన్సర్ దగ్గర చెయ్యి పెడితే వేడిగా ఉంది. ఎవరో టిఫిన్‌కి వేసుకెళ్లారట. “బాబూ, రేపు పొద్దున్నే వస్తాం, అప్పటిదాకా స్టార్ట్ చెయ్యొద్దు” అని చెప్పి వచ్చేశాం. వేడి ఇంజన్ చాలా జబ్బులు దాచేస్తుంది. చల్లబడ్డ ఇంజన్‌ని మన కళ్లెదుటే స్టార్ట్ చేయించి చూడాలి.

మర్నాడు ముందు తాళం తియ్యకుండా కిక్కు రాడ్డును చేత్తో నెమ్మదిగా నొక్కించాను. ఒక చోట గట్టిగా ఎదురు తన్నాలి. అలా తన్నితే కంప్రెషన్ ఉన్నట్టు. తన్నింది. హెడ్డు మీది నట్లకు స్పానర్ పట్టిన ఆనవాళ్లు ఉన్నాయి, అంటే నిజంగానే విప్పారు. ఇంజన్ చేయించామని చెప్పే కొన్ని బండ్లకు ఆ నట్ల మీద కంపెనీలో పడ్డ దుమ్ము కూడా కదలదు. స్టార్ట్ చేయగానే సైలెన్సర్ నుంచి నీలం పొగ కాస్త వచ్చి ఆగిపోయింది. యాక్సిలరేటర్ తిప్పితే మళ్లీ రాలేదు. ఆయిల్ పోసే మూత తీసి చూస్తే లోపలి నుంచి పొగ తన్నుకు రావడం లేదు.

ఆ పొగలో తేడా తెలుసుకోవాలి. బండి లాగుతున్నప్పుడు నీలం పొగ వస్తే రింగులూ, బోరూ పోయినట్టు. రాత్రంతా నిలిపి పొద్దున స్టార్ట్ చేసినప్పుడు మాత్రమే వచ్చి ఆగిపోతే వాల్వ్ సీళ్ల గుండా ఆయిల్ జారుతున్నట్టు. నల్ల పొగ వస్తే పెట్రోలు ఎక్కువ కాలుతోంది, అది కార్బొరేటర్ సర్దుబాటుతో పోతుంది. శీతాకాలం పొద్దున వచ్చే తెల్లని ఆవిరి మాత్రం మామూలే. అన్నిటికంటే ప్రమాదకరమైంది పొగ కాదు, చప్పుడు. బరువు లాగుతున్నప్పుడు అడుగు నుంచి బరువైన టక్ టక్ వినిపిస్తే కనెక్టింగ్ రాడ్ దగ్గర పోయినట్టే. దాన్ని బాగు చేయాలంటే ఇంజన్‌ను రెండు చెక్కలుగా విడదీయాలి. పైభాగం మాత్రమే చేయించిన బండిలో ఈ చప్పుడు అలాగే మిగిలిపోతుంది. అందుకే అమరావతి రోడ్డులో గోరంట్ల దాకా వెనక నన్ను కూర్చోబెట్టుకునే నడపమన్నాను. చప్పుడు లేదు.

కుర్రాడు బిల్లు తెచ్చాడు, పాత పిస్టన్ కూడా తెచ్చాడు. 0.50 సైజు పిస్టన్ కిట్టు, బోరు చార్జీ, టైమింగ్ చైన్, ప్యాకింగులు ఉన్నాయి. వాల్వ్ సీళ్లు లేవు. పొద్దున చూసిన పొగకు జవాబు ఆ బిల్లులోనే దొరికింది. పాత పిస్టన్ పక్కల మీద నిలువునా గీతలు గోరుకు తగులుతున్నాయి. సైడ్ కవర్ విప్పించి చూస్తే ఎయిర్ ఫిల్టర్ అంచున చినిగి ఉంది. కొత్త బోరు వేసి చినిగిన ఫిల్టర్ వదిలేస్తే కొత్త బోరూ అదే దారి పడుతుంది. ఈ రెండూ చెప్పి ధర తగ్గించమన్నాం. న్యాయంగానే తగ్గించాడు.

బోరు వేసినా, బ్లాకే మార్చినా ఇంజన్ నంబర్ మారదు. అది సిలిండర్ మీద ఉండదు, కింద క్రాంక్‌కేసు మీద ఉంటుంది. క్రాంక్‌కేసు మారిస్తే మాత్రం నంబర్ మారిపోతుంది, దాన్ని ఆర్టీవో ఆఫీసులో చెప్పి ఆర్‌సీలో మార్పించుకోవాలి. ఈ చిక్కు యమహా ఆర్‌ఎక్స్ 100ల్లో ఎక్కువ. 1985 నుంచి 1996 దాకా తయారైన ఆ బండి మీద కుర్రాళ్లకు ఇప్పటికీ మోజు తగ్గలేదు. ఆర్‌ఎక్స్ 100 ఫ్రేములో 135 ఇంజన్ బిగించిన బండ్లు నేను చూశాను. కాబట్టి ఒక గుడ్డ, కాస్త పెట్రోలు తీసుకెళ్లి ఇంజన్ నంబర్, హ్యాండిల్ కింద మెడ దగ్గరుండే చాసిస్ నంబర్ తుడిచి ఆర్‌సీతో అక్షరం అక్షరం పోల్చుకోండి. చుట్టూ గీకిన గుర్తులుంటే ఆ బండి వద్దు. 15 ఏళ్లు దాటిన బండికి రిజిస్ట్రేషన్ ఐదేళ్లకోసారి పొడిగించుకోవాలి. కేంద్రం ఆ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 300 రూపాయల నుంచి 1,000కి పెంచింది. 20 ఏళ్లు దాటినవాటికి 2025లో 2,000 చేసింది.

ఏపీ 07 చూసి గుంటూరనీ, ఏపీ 27 చూసి ప్రకాశమనీ చెప్పే రోజులు 2019లో ఏపీ 39 రాకతో పోయాయి. ఇప్పుడు ఎం-పరివాహన్ యాప్‌లో నంబర్ కొట్టి చూడాలి. ఫైనాన్స్ బాకీ కనిపిస్తే ఫారం 35 మీద ఫైనాన్స్ వాళ్ల సంతకం అయ్యేదాకా ఆగాలి. ఫారం 29, 30 మీద సంతకాలు మన ఎదుటే జరగాలి. రాష్ట్రంలోనే చేతులు మారితే అమ్మినవారు 14 రోజుల్లో, కొన్నవారు 30 రోజుల్లో తెలియజేయాలని చట్టం. ఈ పని అమ్మేవాళ్లకే ఎక్కువ అవసరం. చేతులు మారినా ఆర్‌సీలో పాత పేరే ఉండిపోయిన ఒక కారు ప్రమాదం చేస్తే పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్న వ్యక్తిదేనని 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. మా మేనల్లుడి కంటే ఆ కుర్రాడికే నేనిది రెండుసార్లు చెప్పాను. బీమాలో పేరు మార్పుకు కూడా 14 రోజుల్లోపే దరఖాస్తు పెట్టించాను.

కొత్త బోరు లోపల కావాలనే సన్నని అడ్డగీతలు గీస్తారు. రింగులు ఆ గీతల మీద అరుగుతూ గోడకు కుదురుకుంటాయి. అది జరిగేది మొదటి 500 కిలోమీటర్లలోనే. అప్పుడు యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పకూడదు, గంటలకొద్దీ ఒకే వేగంలో పోకూడదు, బస్తాలు వేయకూడదు. ఈ బండి బోరయ్యాక పెద్దగా తిరగలేదు కనుక ఆ జాగ్రత్త మావాడి వంతయింది. మిరపకోతలు నడుస్తున్నాయి, ఇంట్లో పోరు పెట్టినా ఒక్క టిక్కీ, అంటే మిరపకాయల బస్తా, ఎక్కించలేదు. 500 దాటాక వచ్చి పాత ఆయిల్ దింపించాడు. అందులో సన్నని వెండి మెరుపు కనిపించింది. కొత్త రింగులకు మొదటిసారి అది సహజం, వేలికి తగిలే ముక్కలుంటేనే భయపడాలి. 10డబ్ల్యు-30 ఆయిల్ పోయించి, ఆ రోజే హెడ్డు విప్పించి వాల్వ్ సీళ్లు వేయించాం. ఫిల్టర్ మాత్రం బండి కొన్న రోజునే మార్చాను.