ప్లగ్గు తడిగా ఉందా, పొడిగా ఉందా?

పిల్లలూ! కాశీబుగ్గలో మా యింటి పెరట్లో, రేకుల షెడ్డు కింద ఒక తెల్ల అంబాసిడరు కారు ఉంది. అది 1986లో తయారైనది. మీలో చాలామంది అమ్మానాన్నలకు కూడా దాని వయస్సు ఉండకపోవచ్చు. దాన్ని వీధిలో తోలుకుపోతూ ఉంటే చిన్నపిల్లలు, "అదేం కారు, తాతగారూ?" అని అడుగుతారు. వాళ్ళ తాతలు మాత్రం ఏమీ అడగరు. దగ్గరకు వచ్చి బానెట్టు మీద చెయ్యివేసి కొంచెంసేపు నిలబడి వెళ్ళిపోతారు.

ఇంగ్లండులో మోరిస్ ఆక్స్‌ఫర్డు అనే కారు ఉండేది. ఆ నమూనాను తీసుకొని, కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్సు వారు 1950ల చివర అంబాసిడరు కార్లు చేయసాగారు. మంత్రులూ, డాక్టర్లూ, పెళ్ళివారూ, అద్దెబండ్లవారూ అందరూ అందులోనే తిరిగారు. లోపల ఎన్ని మార్పులు వచ్చినా పై ఆకారం మాత్రం పెద్దగా మారలేదు. 2014 మే నెలలో ఆ కర్మాగారంలో వాటి తయారీ ఆగిపోయింది. మా కారు రెండు చేతులు మారి 2004లో నా దగ్గరకు వచ్చింది.

"మాస్టారికి ఇంకా ఆ పాత డొక్కు ఎందుకు?" అని అనేవాళ్ళు ఉన్నారు. వాళ్ళు చెప్పేదాంట్లో అబద్ధం లేదు. అది పెట్రోలు బాగా తాగుతుంది. కొత్త కార్లలో ఉండే ప్రాణరక్షణ సాధనాలు అందులో లేవు. అందుచేత దాన్ని నేను జాతీయ రహదారి మీద వేగంగా నడపను. సొంతకారుకు మొదట పదిహేనేళ్ళకు రిజిస్ట్రేషను ఇస్తారు. ఆ తరువాత ఐదేసి ఏళ్ళకొకసారి బండిని పరీక్ష చేయించి పొడిగించుకోవాలి. ఇదంతా ఖర్చే, తిరుగుడే. అయినా దాన్ని నేను ఉంచుకున్నది ఒకే ఒక గుణం చూసి. బానెట్టు ఎత్తితే అందులో ఏది ఏమి చేస్తున్నదో కంటికి కనిపిస్తుంది. ఆ సంగతి తెలిసి కూడా ఒకసారి నేను కళ్ళు మూసుకొని పనిచేశాను. ఆ కథ చెప్పే ముందు ఇంజను ఎలా నడుస్తుందో మీరు తెలుసుకోవాలి.

మా కారు ఇంజనులో నాలుగు గుండ్రని గదులు ఉన్నాయి. వాటిని సిలిండర్లు అంటారు. ఒక్కొక్కదానిలో ఒక పిస్టను పైకీ కిందికీ ఆడుతూ ఉంటుంది. వెనకటి సైన్సు పుస్తకాల్లో పిస్టనుకు ముషలకం అని పేరు. ముసలం అంటే రోకలి. రోట్లో రోకలి ఆడినట్టే ఆడుతుంది గనుక పేరు బాగానే పెట్టారు. కాని లారీ షెడ్డుకు పోయి "ముషలకం పాడయింది" అంటే ఎవరూ పలకరు!

పిస్టను కిందికి దిగినప్పుడు పెట్రోలు, గాలి కలిసి లోపలికి వస్తాయి. పిస్టను పైకి లేచినప్పుడు ఆ మిశ్రమం బాగా నొక్కుకుంటుంది. అప్పుడు ప్లగ్గు కొసన ఒక నిప్పురవ్వ పుడుతుంది. మిశ్రమం మండి, ఆ వేడికి వాయువులు వ్యాకోచించి పిస్టనును బలంగా కిందికి తోస్తాయి. మళ్ళీ పైకి వస్తూ పిస్టను పొగను బయటికి గెంటుతుంది. ఈ నాలుగు పనులూ అయ్యేసరికి ఇంజను రెండు చుట్లు తిరుగుతుంది. మీ యింట్లో కాలితో తొక్కే కుట్టుమిషను ఉంటే చూడండి: పాదం పైకీ కిందికీ ఆడుతుంది, చక్రం గిర్రున తిరుగుతుంది. పిస్టను ఆట చక్రాల తిరుగుడుగా మారేదీ ఇలాగే.

ఒక చిన్న లెక్క చేయండి. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతున్నది. ప్రతి సిలిండరులోనూ రెండు చుట్లకు ఒక్కసారి మంట పుడుతుంది. సిలిండర్లు నాలుగు. మరి సెకనుకు ఎన్ని మంటలు? నూరు! మనం "ఒకటి" అనేలోపల నూరు మంటలు పుట్టి ఆరిపోతున్నాయన్నమాట.

ఆ నిప్పురవ్వ ఎక్కడి నుంచి వస్తుంది? బ్యాటరీలో ఉన్నది పన్నెండు వోల్టులే. దానితో ప్లగ్గు సందును దాటే రవ్వ పుట్టదు. కాయిలు అనే పరికరం ఆ పన్నెండు వోల్టులను వేల వోల్టులకు పెంచుతుంది. డిస్ట్రిబ్యూటరు అనేది దాన్ని నాలుగు ప్లగ్గులకూ వంతులవారీగా పంచుతుంది. ఇక పెట్రోలు సంగతి: ట్యాంకు కారు వెనుక ఉన్నది, ఇంజను ముందున్నది. ఒక చిన్న పంపు సన్నని గొట్టం ద్వారా పెట్రోలును పీల్చి కార్బురేటరుకు అందిస్తుంది. అక్కడ అది గాలితో కలిసి సిలిండర్లలోకి పోతుంది.

ఇప్పుడు కథలోకి వద్దాం. మా అన్నయ్య ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు వైపు ఒక ఊళ్ళో ఉంటారు. ఆయనకు మూత్రపిండాలు చెడిపోయినాయి. ఉద్దానంలో ఈ జబ్బు ఎన్ని కుటుంబాలను పీడిస్తున్నదో ఆ ప్రాంతపు పిల్లలకు నేను చెప్పనక్కరలేదు. వారానికి రెండుసార్లు ఆయన పలాస వచ్చి డయాలిసిస్, అంటే యంత్రంతో రక్తాన్ని శుభ్రంచేసే చికిత్స, చేయించుకోవాలి. ఆ రెండు రోజులూ తెల్లవారుజామున నేను కారు వేసుకొని వెళ్ళి ఆయనను తీసుకువస్తాను.

రెండేళ్ళ కిందట వానాకాలంలో ఒకనాడు అయిదు గంటలకు తాళం తిప్పాను. సెల్ఫు గిర్రున తిరిగింది. ఇంజను మాత్రం అందుకోలేదు. పది నిమిషాలు తంటాలు పడ్డాను. చివరకు అన్నయ్యకు ఫోను చేసి, ఆటోలో రమ్మన్నాను. ఆ గతుకుల్లో ఇరుక్కుని కూర్చుని ఆయన ఆలస్యంగా వచ్చారు. సాయంత్రం ఆయన ముఖం చూస్తే నాకు ఏడుపు వచ్చింది. "ఏం పరవాలేదురా తమ్ముడూ, బండన్నాక ఆగదా?" అన్నారు.

ఆ తొందరలో నేను చేసిన పని వినండి. బ్యాటరీ పాతబడి ఉంటుందని ఊహించి కొత్త బ్యాటరీ కొన్నాను. కారు కదలలేదు. అయితే కాయిలు అయి ఉంటుందని కొత్త కాయిలు వేశాను. అప్పుడూ కదలలేదు. నా పింఛనులో ఒక మంచి వాటా అలా పోయింది. నిజానికి సెల్ఫు గిర్రున తిరిగినప్పుడే బ్యాటరీలో బలం ఉందని నాకు తెలియవలసింది. ముప్పై ఏళ్ళకు పైగా తరగతిలో నిలబడి, "ప్రశ్న చదవకుండా జవాబు వ్రాయకండిరా!" అని అరిచినవాణ్ణి నేను.

మూడవనాడు లారీ షెడ్డు మేస్త్రీకి కబురు పంపాను. ఆయన వానలో సైకిలు మీద వచ్చాడు. చేతిలో ఒక ప్లగ్గు పానా, ఒక గుడ్డపీలిక తప్ప ఇంకేమీ లేవు. నేను కొన్నవన్నీ ఆసాంతం విని, ఒకే మాట అడిగాడు:

"అదంతా సరే గాని మాస్టారూ, ప్లగ్గు ఇప్పి సూసినారేటి? తడిగున్నాదా, పొడిగున్నాదా?"

నేను చూడలేదు. ఆయన ఇంజనును కొంచెంసేపు తిప్పించి, ప్లగ్గు విప్పి నా ముక్కు దగ్గర పెట్టాడు. ఎండుపుల్లలా ఉంది. "వాసన గూడా నేదు. లోనకి పెట్రోలే రాకపోతే బేటరీ కొత్తదైతే ఏటి, కాయిలు కొత్తదైతే ఏటి?" అన్నాడు.

చూశారా, ఆ చిన్న ప్రశ్న పనిని సగానికి సగం కోసివేసింది! ప్లగ్గు పొడిగా ఉంటే పెట్రోలు రావడం లేదు. కాబట్టి వెనుక ట్యాంకు నుంచి ముందు కార్బురేటరు దాకా ఆ దారి వెదకాలి. తడిగా ఉంటే పెట్రోలు వచ్చింది గాని నిప్పు అందలేదు. అప్పుడు బ్యాటరీ, కాయిలు, డిస్ట్రిబ్యూటరు, తీగలు వరుసగా చూసుకోవాలి. డాక్టరు నాడి చూడకుండా మందు ఇవ్వనట్టు, మంచి మేస్త్రీ ఈ సంగతి తేల్చుకోకుండా పానా పట్టడు. ఈయన రోజూ చూసేవి డీజిలు లారీలు. వాటికి ఇలా రవ్వ పుట్టించే ప్లగ్గులే ఉండవు. అక్కడ గాలిని విపరీతంగా నొక్కితే పుట్టే వేడికే డీజిలు అంటుకుంటుంది. సైకిలుకు గాలి కొట్టినప్పుడు పంపు అడుగుభాగం వెచ్చబడటం మీరు ఎరుగుదురు కదా, అదే వేడి.

మేస్త్రీ కారు కిందికి టార్చిలైటు వేసి పెట్రోలు దారి వెంట చూస్తూ పోయాడు. పంపుకు ముందు, ఇనుపగొట్టాన్ని కలిపే రబ్బరు గొట్టం ఒకటి ఉంది. జానెడు కూడా లేదు. వేలితో వంచగానే వెంట్రుకవాసి పగుళ్ళు కనిపించాయి. కొబ్బరిబొండంలో చీలిన గొట్టం పెట్టి నీళ్ళు తాగి చూడండి. నోట్లోకి గాలే వస్తుంది గాని నీళ్ళు రావు. మా పంపు పని కూడా అలాగే అయింది. రబ్బరు ముసలిది కావటం ఒక కారణం. ఇప్పుడు బంకుల్లో అమ్మే పెట్రోలులో నూటికి ఇరవై పాళ్ళ దాకా ఎథనాలు కలుస్తున్నది. పాతకాలపు రబ్బరుకు అది పడదు. అందుచేత పాత బండి ఉన్నవారు ఎథనాలుకు తట్టుకునే గొట్టాలు అడిగి వేయించుకోవటం మంచిది. మాకు కొత్త గొట్టానికీ, రెండు బిగింపులకూ కలిపి నూరు రూపాయలు కూడా కాలేదు.

ఇక పెద్దలతో ఒక మాట. పాత బండిని ఇంట్లో బాగుచేసుకోవటం ముచ్చటైన పనే. కాని ఆ పనిలో నా ప్రాణం పోయినంత పని ఒకసారి అయింది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరిచెట్లు, జీడిచెట్లు తోటలకు తోటలే కూలిపోయినాయి. మా షెడ్డు రేకులు ఎగిరిపోయి కారు వారాల తరబడి తడిసింది. ఇనుముకు నీరూ గాలీ తగిలితేనే తుప్పు పడుతుంది; ఉప్పు తోడైతే అది ఇంకా తొందరగా పాకుతుంది. మాకు సముద్రపు గాలి ఎప్పుడూ ఉన్నదే. తుప్పు పైకి కనిపిస్తే గీకి రంగు వేస్తాం. అడుగున రేకు లోపల గుల్లబారితే ఎవరికి తెలుస్తుంది?

మరుసటి ఏడు ఒక ఆదివారం జాకీ ఎత్తి వెనుకచక్రం విప్పాను. మా మనుమడు అప్పుడు ఎనిమిదేళ్ళవాడు, పక్కనే బంతి ఆడుతున్నాడు. బంతి కారు కిందికి దొర్లింది. వాడు బోర్లా పడుకొని, చెయ్యి చాచి దాన్ని తీసుకున్నాడు. లేచి నాలుగడుగులు వేశాడో లేదో, జాకీ ఆనిన చోట రేకు పటుక్కున విరిగి, వెయ్యి కిలోలకు పైబడిన కారు ఆ మూలకు కూలింది. వాడు చప్పట్లు కొట్టి నవ్వాడు. నేను అక్కడే కూలబడ్డాను. రెండు రోజుల దాకా ఇంట్లో ఎవరికీ ఆ సంగతి చెప్పలేకపోయాను.

నాటినుంచి మా యింట్లో పద్ధతి మారింది. జాకీ ఉన్నది ఎత్తటానికే, మోయటానికి కాదు. ఎత్తిన తరువాత తుప్పు పట్టని గట్టి భాగం కింద ఇనుప స్టాండ్లు పెడతాను. నేలమీద ఉన్న చక్రాలకు ముందూ వెనుకా చెక్కదిమ్మలు పెడతాను. విప్పిన చక్రాన్ని కూడా కారు అడుగుకే తోస్తాను. పిల్లలు గీత దాటి రాకూడదు. సుద్దతో నిజంగానే గీత గీస్తాను. మూసిన షెడ్డులో ఇంజను నడపను. పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు. మనిషిని నిద్రపుచ్చినట్టే చంపుతుంది. ఇంజను వేడిగా ఉండగా రేడియేటరు మూత తీయను. పెట్రోలు గొట్టాలూ, బ్రేకులూ మేస్త్రీకే వదిలేస్తాను. ప్లగ్గులు శుభ్రం చేయటం, ఆయిలు మార్చటం, గాలివడపోత దులపటం, అడుగుభాగాన్ని మంచినీళ్ళతో కడిగి ఆరబెట్టటం, ఇవి నా వంతు.

అన్నయ్యను తీసుకురావలసిన రోజులకు ముందటి సాయంత్రం కారును ఒకసారి స్టార్టు చేసి చూస్తాను. మా మనుమరాలు ఆరవ తరగతి చదువుతున్నది. తారీకు, మీటరులో కిలోమీటర్లు, ఆయిలు మట్టం, ఆనాడు ఏమి విన్నామో, ఏమి చూశామో ఆ అమ్మాయే ఒక నోటుబుక్కులో వ్రాస్తుంది. మొన్న ఇంజను ఆపి ఉండగా బానెట్టు ఎత్తి చూపిస్తే, డిస్ట్రిబ్యూటరు మూత మీది లావుపాటి తీగలు లెక్కపెట్టింది. "తాతయ్యా, ప్లగ్గులు నాలుగే కదా, తీగలు అయిదు ఉన్నాయేం?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. ఆ అయిదవ తీగ వెంట చూపుతో పొమ్మన్నాను. మీ యింట్లోనో, పక్కింట్లోనో పాత పెట్రోలు కారు ఉంటే, పెద్దవాళ్ళ చేత బానెట్టు తెరిపించి మీరూ చూడండి. ముట్టుకోవద్దు, చూపుతోనే పోవాలి.