కంప్యూటర్ మార్గదర్శనంలో దంతమూల స్థాపన

ఊడిపోయిన దంతానికి బదులుగా దవడ ఎముకలో టైటానియం మూలాన్ని నాటి, దానిపై కృత్రిమ దంతాన్ని నిలిపే చికిత్సను ఇంప్లాంట్ అంటారు. స్వీడన్ దేశీయుడైన పెర్-ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1950వ దశకంలో కుందేళ్ళ ఎముకలపై పరిశోధన చేస్తుండగా, అందులో అమర్చిన టైటానియం పరికరం తిరిగి ఊడిరాకుండా ఎముకతో ఏకమైపోవడాన్ని గమనించారు. 1965లో తొలిసారిగా ఒక రోగికి అటువంటి దంతమూలాలను అమర్చారు. లోహం నిలుస్తుందా అన్న సందేహం ఆ తరువాత క్రమంగా తీరిపోయింది. ఎక్కడ, ఏ కోణంలో, ఎంత లోతున నాటాలన్నదే నేటికీ వైద్యుని నైపుణ్యాన్ని పరీక్షిస్తున్నది.

క్రింది దవడ ఎముకలో సన్నని నాళం గుండా సాగే నరం పెదవికి, గడ్డానికి స్పర్శజ్ఞానాన్ని ఇస్తుంది. తొలిచే పరికరం దానిని గాయపరిస్తే పెదవి మొద్దుబారుతుంది. అన్నం మెతుకు అంటుకొన్నా తెలియదు. కొందరిలో ఆ తిమ్మిరి శాశ్వతంగా మిగిలిపోతుంది. కాబట్టి నరానికీ ఇంప్లాంట్ కొనకూ నడుమ సాధారణంగా 2 మిల్లీమీటర్ల ఎడం పాటిస్తారు. పైదవడలోనైతే వెనుక పళ్ళకు ఎగువన గాలితో నిండిన సైనస్ ఉంటుంది. సాధారణ ఎక్స్‌రే ఎముక ఎత్తును చూపుతుందే గాని మందాన్ని చూపలేదు.

కోన్ బీమ్ సీటీ స్కాన్ ఆ కొరతను తీర్చింది. ఎముకను అన్ని వైపుల నుండి చూపే ఆ చిత్రాన్ని, నోటిలోని పళ్ళ, చిగుళ్ళ స్కాన్‌తో కంప్యూటర్‌లో జతపరుస్తారు. ముందు రావలసిన దంతాన్ని తెరపై నిలిపి, దానికి తగినట్లుగా మూలం స్థానాన్ని నిర్ణయిస్తారు. పైకప్పు గీసుకొని పునాదికి రావడం వంటి పద్ధతి ఇది. వినడానికి విపరీతంగా తోచినా, నమలడానికి పనికివచ్చేది పైన ఉన్న పన్నే కదా! ఆ ప్రణాళిక ప్రకారం త్రీడీ ప్రింటర్‌పై ఒక తొడుగు తయారవుతుంది. పళ్ళపై బిగిసి కూర్చొనే ఆ తొడుగులోని రంధ్రమే పరికరానికి దారి చూపుతుంది. చిగురును కోసి విప్పే బదులు, అనేక సందర్భాలలో చిన్న వృత్తాకారపు రంధ్రంతోనే పని ముగుస్తుంది. రక్తస్రావం, వాపు తగ్గుతాయి.

అయితే తెరపై గీసిన చోటికీ, నోటిలో నాటిన చోటికీ సగటున ఒక మిల్లీమీటరు వరకు తేడా వస్తూనే ఉంటుంది. 2 మిల్లీమీటర్ల ఎడం అందుకే అవసరం. తొడుగు అడ్డుగా ఉన్నందున చల్లబరిచే నీరు ఎముకకు సరిగా అందకపోవచ్చు. 47 డిగ్రీల సెల్సియస్ వేడి ఒక నిమిషం నిలిస్తే ఎముక దెబ్బతింటుందని పరిశోధకులు గుర్తించారు. నోరు బాగా తెరవలేని వారికి వెనుక పళ్ళ వద్ద ఈ పద్ధతి కష్టం. ఎముక సన్నగా ఉన్నవారికి చిగురు విప్పి, కంటితో చూస్తూ చేయడమే మేలు. కోత లేదన్న ఆకర్షణ ఒక్కటే చూసి పట్టుబట్టడం తగదు.

మధుమేహం, పొగాకు అలవాటు, ఎముకల బలహీనతకు వాడే మందులు ఉంటే ముందుగానే వైద్యునికి తెలియజేయాలి. ఎముక టైటానియంతో కలిసిపోవడానికి సాధారణంగా మూడు నుండి ఆరు నెలలు పడుతుంది. ఎంత చక్కని ప్రణాళిక అయినా ఆ గడువును తగ్గించలేదు.