కుక్కపిల్లకు నేర్పుట ఎట్లు?

శ్రీహరికోటనుండి రాకెట్టు లేచు దినమున సూళ్లూరుపేటలో జనులందరును తూర్పుదిక్కునకే చూచుచుందురు. కొందరు మేడలెక్కుదురు, కొందరు పిల్లలను భుజములపై నెక్కించుకొని పులికాటు సరస్సు గట్టునకు పోవుదురు. మొదట వెలుగు కానవచ్చును. నిప్పుతోకతో రాకెట్టు మబ్బులలోనికి పోవుచుండగా జనులు చప్పట్లు చరతురు. అప్పటికింకను చప్పుడు వచ్చియుండదు. శబ్దము గాలిలో సెకనునకు సుమారు 340 మీటర్లు మాత్రమే పోవును. రాకెట్టు కేంద్రమునకును ఊరికిని దూరము సుమారు 18 కిలోమీటర్లు. కనుక ఇంచుమించు ఒక నిమిషము గడచిన పిదపగాని ఆ ఉరుము మనలను చేరదు. చేరినప్పుడు కిటికీ రెక్కలదరును. ఆ క్షణమున ఎవరును మంచము క్రింద చూడరు. అచ్చట ఇంటికుక్క తోక ముడుచుకొని, వగర్చుచు, చొంగ కార్చుచు, గోడకొదిగి వణకుచుండును.

ఇట్టి కుక్కను మేమును పెంచితిమి. దాని పేరు మోతి. అది ఏ మేలుజాతికిని చెందినది కాదు; వానకాలమున వీధిలో దొరికిన నాటుకుక్కపిల్ల. మొదటిసారి రాకెట్టు చప్పుడునకు బెదరి అది మంచము క్రింద దూరగా మేము నవ్వి, మెడపట్టె పట్టి బయటికి లాగితిమి. పిరికిదానవని ఒక దెబ్బయు వేసితిమి. రెండవసారి అది గుర్రుమనెను. ఇంటివారిపై గుర్రుమనుట తప్పుగదా యని మరల కొట్టితిమి. మూడవసారి గుర్రుమనలేదు, చేయిచాచిన మా పిల్లవానిని కొరికెను. గాయము చిన్నదే. దానిని సబ్బుతో, ధారగా పడు నీటితో పదునైదు నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోయి, వరుసగా టీకాలు వేయించితిమి. కుక్క కరచినచోట పసుపో సున్నమో అద్ది ఊరకుండువారు నేటికిని ఉన్నారు. అది ప్రాణాపాయము. పిచ్చికుక్కకాటు రోగము లక్షణములు పైబడిన పిదప కుదిరించు మందు లేదు; ముందుగా వేయించుకొన్న టీకా ఒక్కటే రక్ష.

చుట్టుప్రక్కలవారు మోతిని ఊరిబయట విడిచిపెట్టుడనిరి. మేమును దాదాపు అంగీకరించితిమి. అప్పుడు ఒక పశువైద్యుడు మమ్ము అడిగిన ప్రశ్న యిది: "గుర్రుమన్నప్పుడు కొట్టినారా?" గుర్రుమనుట కుక్క చేయు హెచ్చరిక. ఆ హెచ్చరికను కొట్టి మాన్పినచో భయము పోదు, హెచ్చరిక మాత్రమే పోవును. తరువాత మిగులునది కాటే. ఈ చిన్నమాట తెలియక మన దేశమున ఎన్నియిండ్ల కుక్కలు వీధిపాలగుచున్నవో!

కొట్టి నేర్పు పద్ధతికి పెద్ద చరిత్రయే ఉన్నది. 1910లో జర్మనీలో కొన్రాడ్ మోస్ట్ అను ఆయన కుక్కల శిక్షణపై గ్రంథము వ్రాసెను. బలవంతముతో లొంగదీయుట అందలి ముఖ్యోపాయము. సైన్యపు కుక్కల శిక్షణలో అది చాలకాలము నడచినది. తరువాత 1947లో రుడోల్ఫ్ షెంకెల్ అను శాస్త్రజ్ఞుడు బోనులలోని తోడేళ్లను పరిశీలించి, వానిలో పెత్తనమునకై పోరాటము జరుగునని వ్రాసెను. దానినిబట్టి, కుక్కయు ఇంటిలో పెత్తనము కోరుననియు, యజమాని దానిని అణచి తానే నాయకుడని చూపవలెననియు ఒక సిద్ధాంతము బయలుదేరినది. ఆ మాటకు వ్యాప్తి కలిగించిన గ్రంథములలో డేవిడ్ మీచ్ 1970లో వ్రాసినది యొకటి. అడవిలో తోడేళ్ల గుంపనగా తల్లి, తండ్రి, పిల్లలు గల కుటుంబమేయనియు, బోనులోని వింతగుంపును చూచి అడవిని ఊహించుట సరికాదనియు ఆయనయే 1999లో తెలిపెను. తన మాటను తానే దిద్దుకొనుట పండితులలో అరుదు, ఆయనను మెచ్చుకొనవలెను. సిద్ధాంతము మాత్రము ఇంకను వీధివీధిని తిరుగుచున్నది.

రెండవ త్రోవ వేరొకచోట మొదలైనది. రష్యాలో ఇవాన్ పావ్లోవ్ జీర్ణక్రియను గూర్చి పరిశోధించి 1904లో నోబెల్ బహుమానమందెను. ఆ పరిశోధనలోనే ఒక వింత ఆయనకు కానవచ్చెను. అన్నము రాకముందే, తెచ్చువాని అడుగుల చప్పుడు విన్నంతనే కుక్కనోట లాలాజలమూరుచుండెను. ఒక చప్పుడు, దాని వెంట అన్నము. ఇట్లు పలుమారులు జరిగినచో చప్పుడే అన్నమువలె పనిచేయును. అమెరికాలో థార్న్‌డైక్ 1898లో పిల్లులను చిక్కుపెట్టెలలో నుంచి చూచి, ఏ చేష్టవలన మేలు కలుగునో ఆ చేష్ట మరల మరల జరుగునని చెప్పెను. స్కిన్నర్ ఈ విషయమును ఇంకను పెంచి, 1951లో సామాన్య పాఠకులకై వ్రాసిన వ్యాసములో, టిక్కుమను చిన్న రేకుబొమ్మతో ఎవరైనను ఇంటికుక్కకు నేర్పవచ్చునని తెలిపెను. కుక్క తగిన పని చేసిన క్షణమున టిక్కుమనిపించి, వెంటనే తినుబండారము పెట్టవలెను. బొమ్మ లేకున్నను బాధలేదు. "భళా" అను ఒక్కమాట చాలును. కాని ఇంటిల్లిపాదియు అదేమాట వాడవలెను.

క్షణము అని మేము ఊరక అనలేదు. ఈ విద్యలో మనుష్యులు చేయు తప్పులలో సగము ఆలస్యమువలన కలుగునవే. కూర్చుండుమన్నారు, కుక్క కూర్చున్నది. మీరు లోపలికి పోయి డబ్బా వెదకి తెచ్చులోపల అది లేచి మీద దుమికినది. అప్పుడు ముక్క పెట్టినారు. అది నేర్చుకొన్నది దుముకుట! చీవాట్లకును ఇదే వర్తించును. మధ్యాహ్నము చెప్పు కొరికిన కుక్కను సాయంకాలము తిట్టినచో, అది చెవులు వాల్చి తల వంచును. తప్పు తెలిసికొన్నదని మనము సంతోషింతుము. నిజమునకు అది మన ముఖము చూచి భయపడినది; చెప్పుసంగతి దానికి తోచదు.

ఇంటివారు తరచుగా అడుగునది, పిల్లను ఎప్పుడు తెచ్చుకొనవలెనని. ఎనిమిది వారములు నిండకముందు తల్లినుండి వేరుచేయరాదు. తోడిపిల్లలతో పోట్లాడుచు, ఎంత గట్టిగా కొరికిన ఆట ఆగిపోవునో అది అచ్చటనే నేర్చుకొనును. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనువారు పెక్కేండ్లు పరిశోధించి 1965లో ప్రకటించిన గ్రంథమునుబట్టి, మూడవ వారమునుండి సుమారు పండ్రెండవ వారమువరకు గల కాలము కుక్కపిల్లకు మిక్కిలి ముఖ్యమైనది. ఆ దినములలో సుఖముగా చూచినవారిని, విన్న చప్పుళ్లను అది జీవితకాలము తనవిగా నెంచును. చూడనివానిని అనుమానించును. కావున టీకాలు పూర్తికాలేదని పిల్లను నాలుగుగోడల నడుమనే ఉంచుట పొరపాటు. నేలపై దింపక, చంకనెత్తుకొని బజారునకు తీసికొనిపొండు. గొడుగు పట్టినవారిని, టోపీ పెట్టినవారిని, గడ్డము గలవారిని, సైకిలును, బస్సును, చేపలబుట్టను చూడనిండు. చూచినప్పుడెల్ల ఒక చిన్న ముక్క నోటికందింపుడు. పిచ్చికుక్క రోగపు టీకా మూడవ నెలలో వేయించి, తరువాతవి పశువైద్యుని మాటప్రకారము జరుపవలెను.

ముక్క యనగా చింతగింజంత. ఉడికించిన కోడిమాంసము గాని, కోడిగ్రుడ్డు గాని శ్రేష్ఠము. మన తీరమున ఎండుచేప సులభముగా దొరకును, కుక్కకును ప్రీతియే. కాని దానిలో ఉప్పు మెండు. ఉల్లి, ద్రాక్ష, కిసిమిసు, చాక్లెట్టు కుక్కకు విషప్రాయములు. పండుగనాడు పాయసములోని కిసిమిసులు పెట్టు అమ్మలు ఈ సంగతి గమనింపగోరెదము.

కూర్చుండుట నేర్పుటకు బలమక్కరలేదు. ముక్కను పిల్ల ముక్కువద్ద చూపి, మెల్లగా తలమీదుగా వెనుకకు జరుపుడు. తల పైకెత్తగా నడుము దానంతట అదే క్రిందికి దిగును. దిగిన క్షణమున "భళా", ముక్క. నాలుగైదుసార్లు చేసి ఆపివేయుడు. పిల్లలకు పాఠము పొడవు కారాదు. పిలిచిన వచ్చుట ఇంకను ముఖ్యము. దీనికి ఒకటే నియమము: పిలిచి ఎన్నడును దండింపరాదు, మందు పోయుటకును, కట్టివేయుటకును పిలువరాదు. అట్టి పనులకు మీరే దానికడకు పొండు. ఇల్లు పాడుచేయుట మాన్పుటకు నిద్ర లేచినంతనే, తిన్నంతనే, ఆడినంతనే పెరటికి తీసికొనిపోయి, పని ముగించినచోటనే మెచ్చుకొనవలెను. ముక్కును మురికిలో రాయుటవలన అది నేర్చుకొనునది, మన కంటబడకుండ మంచము వెనుక దొడ్డికి పోవుట. చేతులు కొరుకు పిల్లకు ఆట ఆపివేసి లేచిపోవుటే తగిన శిక్ష.

ఇది ముద్దుచేయువారి పద్ధతియని కొందరు పరిహసింతురు. దొంగసరకును, ప్రేలుడు మందును పసిగట్టు పోలీసు జాగిలములకు నేడు సాధారణముగా నేర్పువిధమును వారు చూడవలెను. తెలంగాణ పోలీసువారు మొయినాబాదులో జాగిలములకు శిక్షణ ఇచ్చుచున్నారు. అట్టి పనిలో కావలసిన వాసన కనుగొన్న కుక్కకు బంతియో ఆటవస్తువో దొరకును. ఆ ఆట కొరకే అది గంటలకొలది సామానులు వెదకును. దెబ్బకు జడిసిన కుక్క వెదకదు. యజమాని ముఖము చూచుచు నిలుచును. మన చట్టమును చెప్పవలసియున్నది. 1960 నాటి జంతుహింసా నిరోధక చట్టము ప్రకారము జంతువును కొట్టి తన్ని బాధించుట నేరము.

ఇక మోతి భయము. కుక్క మనకంటె సన్నని ధ్వనులను మిక్కిలి పైస్థాయివరకు వినగలదు. మన చెవి సెకనునకు 20,000 కంపనములవద్ద ఆగిపోగా, దాని చెవి సుమారు 45,000 వరకు పోవును. రాకెట్టు ఉరుము అట్టిది కాదు, బొంగురుధ్వని. అందులో కుక్క చెవికి మనకంటె ఎక్కువ బలము లేదు. దానిని బెదరించునది ఆ చప్పుడు ఎచ్చటినుండి ఏల వచ్చెనో తెలియకపోవుటయు, పాదముల క్రింద నేల అదరుటయు. భయపడినప్పుడు దగ్గరకు తీసి ఓదార్చినచో భయము పెరుగునని ఒక నమ్మకము కలదు. అది నిజము కాదు. భయము మనము బహుమానమిచ్చి పెంచదగిన చేష్ట కాదు.

వైద్యుని సలహాపై మేము చేసినదిది. దీపావళి టపాకాయల చప్పుడును, ఉరుమును ఫోనులో నింపి, మొదట వినీవినబడనంత మెల్లగా వినిపించితిమి. మోతి చెవి కదిపెను, బెదరలేదు. వెంటనే కోడిముక్క. వరుస మారరాదు: ముందు చప్పుడు, పిదప ముక్క. ముక్కను ముందు పెట్టినచో, ముక్కయే చప్పుడునకు గుర్తై, కుక్క ముక్కను చూచి బెదరును. దినమునకు అయిదు నిమిషములు. కొన్నిదినముల కొకసారి ధ్వనిని కొంచెము పెంచుట. బెదరెనేని వెనుకకు తగ్గుట. ఇట్లు రెండు నెలలు జరిపితిమి. తొందరపడి ఒకసారి పెంచినందుకు ఒక వారము నష్టమైనది.

ఇట్లు మెల్లమెల్లగా అలవాటుచేయు ఉపాయమును రాకెట్టు శాస్త్రజ్ఞులును వాడిరి. 1957 నవంబరు 3న రష్యావారు స్పుత్నిక్ రెండవ నౌకలో ఎగురవేసిన లైకా, మాస్కో వీధులలో పట్టిన ఊరకుక్క. ఇరుకు గదికి అలవాటగుటకై ఆ కుక్కలను క్రమముగా చిన్నబోనులలోనికి మార్చుచు ఇరువది దినములవరకు ఉంచిరి. లైకా నేర్చుకొన్నది, నమ్మినది. దానిని మరల నేలకు దింపు ఏర్పాటు ఆ నౌకలో లేదు. వేడిమివలన అది కొన్నిగంటలలోనే మరణించెనని 2002లోగాని లోకమునకు తెలియలేదు. ఆ శిక్షణలో పాల్గొన్న ఒలెగ్ గజెంకో, ఆ కుక్క మరణమునకు తగినంత జ్ఞానము తమకు లభింపలేదని 1998లో చింతించెను. శ్రీహరికోటనుండి 1971 అక్టోబరు 9న మొదటి రోహిణి రాకెట్టు లేచినది మొదలు ఒక్క కుక్కయు ఎగురలేదు.

మేఘము ఉరుముటకు ముందు ఎవరికిని చెప్పదు. రాకెట్టు చెప్పును. చంద్రయాన్ మూడవ నౌక 2023 జులై 14న మధ్యాహ్నము 2 గంటల 35 నిమిషములకు లేచినది. శ్రీహరికోటనుండి నూరవ ప్రయోగము 2025 జనవరి 29న ఉదయము 6 గంటల 23 నిమిషములకు జరిగినది. అట్టి వేళలు రేడియోలో ముందుగనే విందుము. కుక్కగల ఇంటివారికి ఇది గొప్ప సదుపాయము. గంట ముందు కుక్కను బాగుగా నడిపించి, బహిర్భూమికి పోనిచ్చి, తలుపులు మూయవలెను. బెదరిన కుక్క తెరచిన తలుపునుండి పరుగిడినచో, చెన్నై నుండి కలకత్తా పోవు రహదారి దూరములో లేదు. ఫాను, రేడియో నడచుచుండనిండు. మంచము క్రింద దూరినచో దూరనిండు, లాగరాదు. వెలుగు కానవచ్చినపిదప ఒక నిమిషము డబ్బా మూత తీయక ఊరకుండవలెను. కిటికీ అదరిన క్షణమున మూత తీసి, చప్పుడు ఆగువరకు ఒక్కొక్క ముక్కయే పెట్టుచుండవలెను. చప్పుడాగగానే డబ్బా మూయవలెను. ముక్కలను ముట్టనంతగా భయపడు కుక్కకు ఈ సాధన చాలదు. పశువైద్యుడు మందులిచ్చును, సంకోచింపక అడుగుడు.

తరువాత వచ్చిన ప్రయోగమునాడు మోతి మంచము క్రిందికే పోయెను. ముక్కలు తినెను. దాని తరువాతిదానికి సగము శరీరము బయటనుంచెను. ఆ పైది ఒక వేకువజామున జరుగగా, కిటికీ అదరినంతనే అది లేచివచ్చి డబ్బా యున్న అలమారు ఎదుట కూర్చుండెను. మా పిల్లవాడు తానే మూత తీసి పెట్టెను. వానకాలపు ఉరుములకు మాత్రము మోతి నేటికిని మంచము క్రిందికే పోవును.