పాత ట్రాక్టరు విలువ కట్టడం ఎలా?

మీ ఊళ్లో ఒకరు పాత ట్రాక్టరు అమ్ముతున్నారనుకోండి. దానికి ముందు మట్టి ఎత్తే లోడరు, వెనుక గోతులు తవ్వే బకెట్టు ఉన్నాయి. రంగు కొత్తగా ఉంది. ధర 3,50,000 రూపాయలు. కొనవచ్చా? ఇంట్లో దాచుకున్న సొమ్ము, బయట తెచ్చిన అప్పు రెండూ ఇందులో పెట్టాలి కదా! అందుకే ముందు విలువ కట్టడం నేర్చుకుందాం.

1. ఇంజను

ఉదయమే వెళ్లండి. ముందుగా బానెట్టు మీద చెయ్యి పెట్టి చూడండి. వేడిగా ఉంటే, మీరు రాకముందే స్టార్టు చేశారన్నమాట. చల్లని ఇంజను సులువుగా స్టార్టు కావాలి. తర్వాత పొగను గమనించండి. నీలం పొగ ఆగకుండా వస్తుంటే ఇంజను ఆయిలు కాలుతోందని అర్థం. నల్లపొగ దట్టంగా వస్తుంటే గాలి చాలడం లేదు, లేదా డీజిలు ఎక్కువగా వెళుతోంది. అవర్ మీటరును మాత్రమే నమ్మకండి. మీటరును మార్చవచ్చు. పెడళ్లు ఎంత అరిగాయో కూడా చూడండి.

2. లోడరు, తవ్వే బకెట్టు

ఇలాంటి బండిని చాలామంది 'జేసీబీ' అనేస్తారు. నిజానికి అది ఒక కంపెనీ పేరు. ఆ కంపెనీ తవ్వే బండ్లు ఆ పనికోసమే తయారవుతాయి. మామూలు ట్రాక్టరు దున్నడానికి, లాగడానికి తయారైంది. దానికి లోడరు తరువాత బిగిస్తే ముందు ఇరుసు మీద, ఇంజనూ క్లచ్చి పెట్టే కలిసే చోట భారం పెరుగుతుంది. అక్కడ పగుళ్లు, వెల్డింగు అతుకులు ఉన్నాయేమో వెతకండి.

లోడరు బకెట్టు నిండా మట్టి ఎత్తించి, ఇంజను ఆపించండి. దాని కింద ఎవరూ నిలబడకూడదు. కొద్ది నిమిషాల్లోనే బకెట్టు బాగా కిందికి దిగితే సిలిండరు సీళ్లో, వాల్వో పాడైనట్లే. వెనుక బకెట్టును పక్కలకు ఊపండి. లొడలొడలాడితే పిన్నులు, బుష్షులు అరిగాయి.

3. కాగితాలు

ఆర్.సి.లోని ఇంజను, ఛాసిస్ నంబర్లను బండి మీది నంబర్లతో పోల్చండి. బండి మీద బ్యాంకు అప్పు ఉంటే ఆర్.సి.లో రాసి ఉంటుంది. అప్పు తీరిందని బ్యాంకు సంతకం చేసిన ఫారం 35 అడగండి. పేరు మార్పుకు ఫారాలు 29, 30 కావాలి. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం కొన్నవారు 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలపాలి.

4. లెక్క

ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే. ధరలు మీ ఊరి మెకానిక్కును అడిగి వేసుకోండి.

బాగా నడిచే ఇలాంటి బండి ధర: రూ. 4,00,000
వెనుక టైర్లు రెండు: రూ. 50,000
హైడ్రాలిక్ పంపు, సీళ్లు: రూ. 35,000
పిన్నులు, బుష్షులు: రూ. 25,000
క్లచ్చి: రూ. 20,000
షెడ్డులో ఉన్న రోజుల రాబడి నష్టం: రూ. 20,000
మొత్తం ఖర్చు, నష్టం: రూ. 1,50,000
మీకు దాని విలువ: రూ. 2,50,000

చూశారా? అమ్మేవారు 50,000 తగ్గించి ఇస్తున్నట్లు కనిపించింది. నిజానికి 1,00,000 ఎక్కువ అడుగుతున్నారు. రంగు చూసి ధర చెప్పకండి. మరమ్మతు లెక్క వేసి చెప్పండి. కాగితాలు సరిగా లేకపోతే ఎంత చౌకైనా వదిలేయండి.

మీరే చేయండి: పై లెక్కలో టైర్లు బాగానే ఉన్నాయనుకుంటే, మీరు ఎంతవరకు ఇవ్వవచ్చు? (జవాబు: రూ. 3,00,000)