బొగ్గుబాయిలోకి ఊపిరి మోసుకెళ్లేదెలా?

స్కూబా డైవర్ వీపున గాలి సిలిండర్ ఎందుకో మీకు తెలుసు. సముద్రమే లేని మందమర్రిలో అలాంటిది ఎవరికి కావాలి? అక్కడి కేకే-5 లాంటి బొగ్గుబాయిలో మంట రేగితే కార్బన్ మోనాక్సైడ్ కమ్ముకుంటుంది. రంగూ వాసనా లేని విషం! అందుకే రెస్క్యూ దళం తన గాలి తానే మోసుకుని దిగుతుంది.

డైవర్ వదిలిన ఊపిరి బుడగలై పోతుంది. రెస్క్యూ మనిషి అలా పోనివ్వడు. వదిలిన గాలి సోడాలైమ్ డబ్బాలోకి వెళ్తుంది. అక్కడ కార్బన్ డయాక్సైడ్ ఆగిపోతుంది, కాస్త ఆక్సిజన్ కలుస్తుంది, అదే గాలి మళ్లీ ముక్కుకు చేరుతుంది. బీజీ-4 రకం శ్వాస సెట్‌లో 2 లీటర్ల ఆక్సిజన్ సిలిండర్ 4 గంటలు వస్తుంది. సోడాలైమ్ వేడెక్కుతుంది కాబట్టి లోపల ఐసు కూడా పెడతారు.

ఈ సెట్‌లకు స్పేర్లు కూడా వెంట తీసుకెళ్తారు. ఎందుకు? వాడిన సోడాలైమ్ మళ్లీ పనికిరాదు. చిన్న రబ్బరు వాషర్ చిట్లినా ఆక్సిజన్ కారిపోతుంది. అందుకే గనిలో మంచి గాలి ఉన్నచోట ‘ఫ్రెష్ ఎయిర్ బేస్’ పెట్టి, అదనపు సామానుతో పాటు ఇంకో దళాన్నీ సిద్ధంగా ఉంచుతారు. ఎవరి గేజీలో ఆక్సిజన్ తక్కువుంటే, దాన్నిబట్టే నాయకుడు అందరినీ వెనక్కి తిప్పుతాడు.

ఈ ఉపాయం పాతదే. ఇంగ్లండ్‌లో హెన్రీ ఫ్లూస్ చేసిన ఇలాంటి పరికరంతోనే 1880లో డైవర్ అలెగ్జాండర్ లాంబర్ట్, నీళ్లు నిండిన సెవర్న్ సొరంగంలోకి దిగి ఇనుపతలుపు మూశాడు. బొగ్గుగనులకూ అది పాకింది.