బెండూ, బద్దా, ముల్లూ

ముదినేపల్లి చుట్టుపక్కల చేపల చెరువుల గట్ల మీద డీజిలు ఇంజన్లు నడిపేవాళ్లు మీటరు చూసి డీజిలు పొయ్యరు. చాలా ఇంజన్లకు అసలు మీటరే ఉండదు. మూత తిప్పి, చేతికందిన బద్దను ట్యాంకులో ముంచి పైకి తీసి, తడి ఎంతవరకు ఉందో చూసి, "ఇంకో రెండు గంటలు నడుస్తుందిలే" అని మూత బిగిస్తారు. ఇదే పని పైలట్లు కూడా చేస్తారంటే గట్టు మీద ఎవరూ నమ్మకపోవచ్చు. కానీ చిన్న విమానం బయలుదేరే ముందు జరిగేది అదే. లోపల మీటర్లు పెట్టుకుని కూడా పైలట్ రెక్క దగ్గరికి ఎక్కి, ట్యాంకు మూత తీసి, గీతలు పెట్టిన కర్రో గొట్టమో ముంచి చూస్తాడు.

మీటరు మీద ఇంత అనుమానం ఎందుకు?

చెరువు రైతుకు ఈ సంగతి చెప్పడం తేలిక. ఎకరం చెరువులో నీరు ఒక్క అంగుళం దిగితే లక్ష లీటర్లకు పైగా పోయినట్టే. వెడల్పు ఎక్కువై లోతు తక్కువైన చోట, ఎత్తు కొలవడంలో చిన్న తప్పు దొర్లినా పరిమాణంలో పెద్ద తప్పవుతుంది. చాలా చిన్న విమానాల్లో ఇంధనం రెక్కల్లోనే ఉంటుంది. రెక్కలో ట్యాంకు చెంబులా ఉండదు, పళ్లెంలా పరుచుకుని ఉంటుంది. పైగా ఆ పళ్లెం నిలకడగా ఉండదు. విమానం మలుపు తిరిగినా, ముక్కు పైకెత్తినా, గాలికి ఊగినా పెట్రోలు ఒక మూలకు పరుగెడుతుంది, దానితో పాటు ముల్లు కూడా. పెట్రోలు అయిపోవచ్చినప్పుడు చేతక్ స్కూటరును పక్కకు వంచి, మళ్లీ నిలబెట్టి కిక్కు కొట్టిన తరానికి ఈ పాఠం పుస్తకం లేకుండానే వచ్చు.

అన్ని విమానాలూ రెక్కల్లోనే మోస్తాయని కాదు. 2024 నవంబరు 9న విజయవాడ పున్నమి ఘాట్ నుంచి శ్రీశైలానికి సీప్లేన్ ఎగిరినప్పుడు, చూడవచ్చిన జనం కళ్లు దాని తేలే కాళ్ల మీదే ఉన్నాయి. ఆ ట్విన్ ఆటర్ రకం విమానంలో ప్రధాన ట్యాంకులు ప్రయాణికులు కూర్చునే నేల అడుగునే ఉంటాయి.

శిక్షణకు పేరుపడ్డ రెండు సీట్ల సెస్నా 152 లెక్క చూద్దాం. మామూలు ట్యాంకులున్న రకంలో 98 లీటర్ల పెట్రోలు పడుతుంది. అందులో ఐదున్నర లీటర్ల పైచిలుకు అడుగున, మూలల్లో చిక్కుకుపోయేదే. అది ఇంజనుకు అందుతుందని నమ్ముకోవడానికి లేదు కాబట్టి లెక్కలోకి రాదు. ఇంజను గంటకు సుమారు 22, 23 లీటర్లు తాగుతుంది. అమెరికా నిబంధనల ప్రకారం, కంటిచూపు మీద నడిపే విమానం గమ్యం చేరాక కూడా పగలైతే 30 నిమిషాలు, రాత్రయితే 45 నిమిషాలు ఎగరగలిగేంత ఇంధనం చేతిలో ఉంచుకోవాలి. పగటి అరగంటకు 11 లీటర్లన్నమాట. ముల్లు పది లీటర్లు ఎక్కువ చూపిస్తే ఆ రిజర్వు ఉన్నట్టే ఉండి మాయమవుతుంది. అందుకే విమానం సమంగా ఎగురుతూ, వాడుకోదగ్గ ఇంధనం అయిపోయిన క్షణంలో ముల్లు కచ్చితంగా సున్నా మీద ఉండాలని అక్కడి నిబంధన. దీన్ని పట్టుకుని "సున్నా దగ్గర తప్ప మిగతాచోట్ల ముల్లు ఎలా చూపించినా ఫరవాలేదట" అనే మాట పైలట్లలో పుట్టింది. అది అపోహ. మీటరు ఉన్నదే ఎంత ఉందో చెప్పడానికి.

ఈ మీటర్లలో అన్నిటికన్నా ముచ్చటైనది పైపర్ కబ్ అనే పాత విమానానిది. పైలట్ ముందు అద్దానికి అవతల, ముక్కు మీద ట్యాంకు మూత ఉంటుంది. మూతకున్న చిల్లులోంచి ఒక ఇనుప తీగ పైకి పొడుచుకొస్తుంది. తీగ కింది కొసకు బెండు. వలకు కట్టే బెండు నీటి మీద తేలినట్టే ఇదీ పెట్రోలు మీద తేలుతుంది. పెట్రోలు తగ్గేకొద్దీ తీగ కిందికి దిగుతుంది. తీగ పొట్టిదైతే దిగే చోటు వెతుక్కోవాల్సిందే. కరెంటు లేదు, వైరు లేదు.

తర్వాత వచ్చినవాటిలో బెండుకు ఒక చెయ్యి తగిలించి, ఆ చెయ్యి కదిలినప్పుడల్లా విద్యుత్ నిరోధం మారేలా చేశారు. మోటారు సైకిలు ట్యాంకులో ఉండేదీ ఇదే ఏర్పాటు. రాపిడికి తీగచుట్ట అరిగిపోతుంది, చెయ్యి ఇరుక్కుంటుంది, ముల్లు ఎగిరెగిరి పడుతుంది. ఇంకో పద్ధతిలో కదిలే భాగాలే ఉండవు. ట్యాంకులో ఒకదానిలో ఒకటి రెండు లోహపు గొట్టాలు నిలబెడతారు. వాటి మధ్య గాలి ఉంటే విద్యుత్తును నిలవ చేసే గుణం ఒకటనుకుంటే, పెట్రోలు ఉంటే దాదాపు రెండు. ఆ తేడాను బట్టి ఎంత లోతు మునిగిందో తెలుస్తుంది. కాకపోతే నీటికి ఆ అంకె 80. ట్యాంకులో నీరు చేరిందా, ఈ మీటరు లెక్క తలకిందులవుతుంది.

సముద్రపు గాలి తగిలే దివిసీమ, బందరు లాంటి చోట్ల ఇది కాకమ్మ కబురు కాదు. సగం ఖాళీగా రాత్రంతా నిలబెట్టిన ట్యాంకులో గాలిలోని తేమ చెమ్మగా పట్టి, అడుగుకు చేరుతుంది. అందుకే ఎగిరే ముందు ట్యాంకు అడుగున ఉన్న చిన్న బిరడా నొక్కి గాజు గొట్టంలోకి కాస్త ఇంధనం పట్టి చూస్తారు. విమాన పెట్రోలుకు నీలం రంగు వేస్తారు గనక, కింద రంగులేని బుడగ కనిపిస్తే అది నీరే. మొత్తం గొట్టమే రంగు లేకుండా ఉంటే? తొందరలో ఉన్నవాడు దాన్నే శుభ్రమైన పెట్రోలనుకునే ప్రమాదం ఉంది.

కొలిచే పని నిప్పుకు దారి ఇవ్వకూడదు. పెట్రోలు ఆవిరికి చిన్న రవ్వ చాలు. ఇంధనం నింపేటప్పుడు విమానానికీ ఇంధన బండికీ మధ్య తీగ తగిలించేది స్థిర విద్యుత్తు రవ్వగా దూకకుండానే. 1996 జులై 17న న్యూయార్కు నుంచి బయలుదేరిన టీడబ్ల్యూఏ 800 విమానం మధ్య ట్యాంకు పేలి 230 మంది చనిపోయారు. ట్యాంకు బయట ఎక్కడో షార్టు సర్క్యూటై, ఇంధనం కొలిచే వైర్ల గుండా ఎక్కువ వోల్టేజి లోపలికి పోయి ఉండొచ్చని దర్యాప్తు తేల్చింది. కొత్త రకం మీటర్లలో బెండు మీద అయస్కాంతం పెట్టి, దాని కదలికను ట్యాంకు బయటి నుంచే పసిగడుతున్నారు. వైరు పెట్రోలును తాకనే తాకదు.

కొలత సరిగ్గా ఉన్నా లెక్క తప్పితే? 75 కిలోల ధాన్యం బస్తాకూ 25 కిలోల బియ్యం బస్తాకూ తేడా మరిచి బేరం చేస్తే ఎలా ఉంటుందో, 1983 జులై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767కు అలా జరిగింది. మీటర్లు పాడై ఉండటంతో పుల్లలతో కొలిచారు. ట్యాంకుల్లో 7,682 లీటర్లున్నాయి. ఆ కొలత సరైనదే. లీటరు బరువు కిలోల్లో 0.8 వెయ్యాల్సిన చోట పౌండ్ల అంకె 1.77 వేశారు. ఇంకా 20,088 లీటర్లు పొయ్యాల్సింది పోయి, 4,917 లీటర్లు పోసి మూత బిగించారు. గాలిలో ఉండగానే ఇంజన్లు ఆగిపోయాయి. కెప్టెన్ రాబర్ట్ పియర్సన్‌కు ఇంజను లేని గ్లైడర్లు నడిపిన అలవాటుండబట్టి, గిమ్లీ అనే ఊళ్లోని పాత వైమానిక స్థావరం మీద దింపగలిగాడు. 69 మందీ బతికారు.

2005 ఆగస్టు 6న ట్యునిషియాకు చెందిన ఏటీఆర్ 72 విమానానికి ఆ అదృష్టం లేదు. ముందు రోజు దాని మీటరు చెడిపోతే, చూపుకి ఒకేలా ఉండే ఏటీఆర్ 42 మీటరును బిగించారు. చిన్న ట్యాంకు లెక్కలో తయారైన మీటరది. ఇంధనం లేకపోయినా ఉన్నట్టే చూపించింది. సిసిలీ దగ్గర సముద్రంలో పడిన ఆ విమానంలో 39 మందికి 16 మంది పోయారు.

ఇంధన గొట్టంలో చిన్న చక్రం పెట్టి, అది తిరిగిన చుట్లను బట్టి ఎంత ఖర్చయిందో లెక్కగట్టే పరికరాలూ వచ్చాయి. చాలా నిక్కచ్చిగా పనిచేస్తాయి. అయితే అది పద్దు పుస్తకమే గాని గాదె కాదు. మొదట పైలట్ ఎంత ఉందని అంకె వేస్తే అందులోంచే తీసివేస్తుంది. మూత సరిగ్గా బిగియక గాలిలో పోయే పెట్రోలు దాని పద్దులోకి రాదు. ఏటా సగటున 50కి పైగా చిన్న విమానాల ప్రమాదాలకు ఇంధనం విషయంలో జరిగే పొరపాట్లే కారణమని 2017లో అమెరికా రవాణా భద్రతా బోర్డు హెచ్చరించింది. అందులో పరికరాల తప్పు నూటికి ఐదే.

అందుకే కర్ర కొలత, గంటల లెక్క, ముల్లు ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి, మూడూ కలవకపోతే అన్నిటికన్నా తక్కువ చెప్పినదాన్ని నమ్మమంటారు. కర్రకూ ఒక షరతుంది. ట్యాంకును కొంచెం కొంచెంగా నింపుతూ, విమానాన్ని సమంగా నిలబెట్టి గీసిన గీతలవి. సెస్నా 152 కర్రను సెస్నా 172లో ముంచితే తడి కనిపిస్తుంది గాని, దాని మీది అంకెలు ఆ ట్యాంకువి కావు.