బల్బు కొంటున్నారా? వాట్స్ కాదు.. ల్యూమెన్స్ చూడండి

షాపుకెళ్లి ‘60 వాట్స్ బల్బు ఇవ్వండి’ అని అడగడం చాలామందికి పాత అలవాటు. నిజానికి వాట్స్ చెప్పేది బల్బు ఎంత కరెంటు లాగుతుందో మాత్రమే. వెలుగెంతో చెప్పేవి ల్యూమెన్స్. 60 వాట్స్ పాత బల్బు ఇచ్చేది దాదాపు 800 ల్యూమెన్స్. అంతే వెలుగుకు సీఎఫ్‌ఎల్ అయితే 14-15 వాట్స్, ఎల్‌ఈడీ అయితే 9 వాట్స్ చాలు.

బిల్లులో తేడా ఎంత? నాలుగు పాత బల్బులు రోజుకు 6 గంటలు వెలిగితే నెలకు 43 యూనిట్లు. ఎల్‌ఈడీలైతే ఆరున్నర! తెలంగాణలో గృహజ్యోతి జీరో బిల్లు అందుకుంటూ 200 యూనిట్ల అంచున ఉన్న ఇంటికి ఇది చిన్న తేడా కాదు. పరిమితి దాటితే ఆ నెల బిల్లు మొత్తం కట్టాల్సిందే.

మరి సీఎఫ్‌ఎల్? ఉన్నది వెలుగుతుంటే వాడుకోండి, కొత్తది మాత్రం వద్దు. అందులో పాదరసం ఉంటుంది. పగిలితే ఫ్యాన్ ఆపి, కిటికీలు తెరవండి. ముక్కల్ని చీపురుతో ఊడ్వకుండా అట్టముక్కతో ఎత్తండి. మాడిపోయినవి తడి చెత్తలో కాదు, ఈ-వేస్ట్ తీసుకునేచోట ఇవ్వాలి.

ఎల్‌ఈడీ డబ్బాపై బీఈఈ స్టార్ లేబుల్, ‘ఆర్’తో మొదలయ్యే బీఐఎస్ రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడండి. తోపుడు బండి మీద చవగ్గా దొరికే వాటికి చాలాసార్లు ఈ రెండూ ఉండవు. పడకగదికి 2700-3000 కెల్విన్ పసుపు వెలుగు హాయి. వంటింటికి 6500 తెలుపు. గాలాడని గాజు డోముల్లో పెడితే వేడికి ఎల్‌ఈడీ త్వరగా పోతుంది. వారంటీ ఉంటుంది కాబట్టి బిల్లును ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి.